కొమురెల్లి రక్తం, కేరాఫ్ సరోజన

సరోజన ఒంట్లో పారే రక్తం ఆమె తమ్ముడు కొమురెల్లిది కాబట్టి, ఆస్పత్రి లెక్కలో పేషెంట్ కొమురెల్లి. సరోజన ఆ రక్తం ప్రస్తుతం ఉంటున్న అడ్రస్. ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. ఎముకల్లో మూలుగ పాడై చావు దాకా పోయిన మనిషికి తమ్ముడి మూలుగ ఎక్కించారు, అది కుదురుకుంది, పాత రక్తం పోయి కొత్తది పుట్టింది, ఓ పాజిటివ్ అక్క బి పాజిటివ్ అయింది. ఎన్నిసార్లు పరీక్ష చేసినా ప్రతి చుక్కా తాను కొమురెల్లినే అని చెప్పింది. మరి రక్తం ఎవరిదైతే వాళ్లనే కదా ఎలా ఉన్నారని అడగాలి?

అందుకే ఏటా ఫాలో-అప్ రోజున ఇద్దరూ జనగామలో రైలెక్కి హైదరాబాద్ వచ్చేవాళ్లు. సూది మాత్రం సరోజన చేతికే గుచ్చేవాళ్లు, సరుకు అక్కడుంది గనుక. తర్వాత ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపల కొమురెల్లిని అడిగేవాళ్లు. నోట్లో పుండ్లున్నాయా? లేవు. కళ్లు పొడిబారుతున్నాయా? లేదు. ఆకలి బాగా అవుతోందా? బాగా అవుతోందని చెప్పడానికి కొమురెల్లికి సిగ్గేసేది. తలుపవతల అక్క కళ్లలో చుక్కల మందు వేసుకుంటూ, మజ్జిగన్నం తప్ప మరొకటి దిగని నోటిని కొంగుతో కప్పుకుని కూర్చునేది. రెండో ఏడు ఆమె విషయం చెప్పబోతే నర్సమ్మ మర్యాదగానే ఆపింది. "అడ్రస్‌లు మాట్లాడకూడదమ్మా." మార్పిడి తర్వాత అంత బాగున్న పేషెంట్లు ఇంకెక్కడా లేరని ఆ విభాగానికి మంచి పేరుంది.

ఈ ఏడు మాత్రం సంగతి ఊపిరి దాకా వచ్చింది. సరోజన అంగన్‌వాడీ టీచర్. పిల్లలకు పాట ఎత్తుకుంటే సగంలో ఆగిపోతోంది, మిగతా సగం పిల్లలే పాడేసి ఆమె వైపు చూస్తున్నారు. జనగామ డాక్టర్ ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. కొత్త రక్తం ఈ ఒంటిని పరాయిదనుకుని ఊపిరితిత్తుల్ని కొరుకుతోందన్నాడు. పెద్దాస్పత్రిలో ఊదుడు పరీక్ష చేయించి వెంటనే మందు మొదలుపెడితే అక్కడితో ఆగుతుంది, ఆలస్యమైతే పోయిన ఊపిరి మళ్లీ రాదు. ఆ మాట విన్నప్పటి నుంచి కొమురెల్లికి అన్నం సయించలేదు. కొరుకుతున్నది తన రక్తమే మరి.

పెద్దాస్పత్రిలో ఊదుడు పరీక్ష ఉంది. కానీ అది చేసేది పేషెంటుకి. అందుకని రైల్లో ఇద్దరూ ఉపాయం ఆలోచించారు.

"ముసలోని లెక్క ఊదాల్రా," అంది సరోజన. "సగం ఊది దగ్గు. నీకు మందు రాస్తే నేనేసుకుంట."

"దగ్గుత. నీ లెక్క దగ్గాల్నా, నాయిన లెక్క దగ్గాల్నా?"

"నాయిన లెక్క దగ్గితే టీబీ వార్డుల ఏస్తరు. నా లెక్క దగ్గు. ఏదీ, ఒకపారి చూపెట్టు."

కొమురెల్లి చూపెట్టాడు. ఎదురుగా కూర్చున్నాయన సంచీ తీసుకుని వేరే పెట్టెలోకి వెళ్లిపోయాడు. సరోజనకు నవ్వొచ్చింది, నవ్వు కాస్తా దగ్గయింది, అది భువనగిరి దాటినా ఆగలేదు. కొమురెల్లి ఆ దగ్గును చెవులారా విని నేర్చుకున్నాడు.

పరీక్ష గదిలో ఉన్న టెక్నీషియన్ అమ్మాయి అతని ముక్కుకు క్లిప్పు పెట్టి నోటికి గొట్టం అందించింది. మొదటిసారి కొమురెల్లి ఆరిపోయే దీపంలా ఊది, అక్క దగ్గు దగ్గాడు. రెండోసారీ అంతే. తెర మీద గీత నేలకు అతుక్కుపోయింది. బయట తలుపు సందులోంచి చూస్తున్న సరోజనకు ప్రాణం లేచొచ్చింది.

"మూడుసార్లు ఊదాలి సార్, అన్నిట్లోకి మంచిదే రాసుకుంటాం," అంది అమ్మాయి. లేచి నిలబడి, బల్ల మీద అరచేత్తో కొడుతూ గొంతెత్తింది. "ఊదు, ఊదు, ఊదు! ఇంకా, ఇంకా, ఇంకా!"

కొమురెల్లి పెళ్లిళ్ల బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు. ఇరవై ఏళ్లుగా, బరాత్ పెళ్లివారి గుమ్మం ముందుకొచ్చిన ప్రతిసారీ, బ్యాండు మాస్టర్ వెనక నుంచి వీపు చరుస్తూ సరిగ్గా ఇదే వరసలో ఇదే మాట అరుస్తాడు. అప్పుడు ఊపిరి తగ్గించినవాడికి మర్నాడు బ్యాండులో చోటుండదు. ఆ కేక చెవిన పడగానే అక్కా గుర్తు రాలేదు, రైల్లో అనుకున్నదీ గుర్తు రాలేదు. పక్కటెముకలు వాటంతటవే విచ్చుకున్నాయి, బుగ్గలు బూరెల్లా పొంగాయి, మెడనరాలు తేలాయి. గీత నేల వదిలి, తెర పై అంచు దాకా పోయి, అక్కడే నిలబడింది.

"వామ్మో!" అంది అమ్మాయి. "ఇసొంటి ఊపిరి ఈ డిపార్ట్‌మెంట్ల ఇంతవరకు చూడలే సార్!"

కొమురెల్లి గొట్టం పట్టుకునే ఏడ్చాడు. సంతోషం కాబోలని ఆ అమ్మాయి రుమాలు ఇచ్చింది.

పెద్దాస్పత్రి డాక్టర్ హరనాథ్ ఆ కాగితం చూసి చెయ్యి కలిపాడు. "అద్భుతం కొమురెల్లిగారూ. ఐదేళ్లు నిండాయి, ఏ లోపమూ లేదు. ఇక మీరు రానక్కర్లేదు."

"నాకు లోపమేముంటది సార్!" కొమురెల్లి చేతులు జోడించాడు. "ఊపిరాడనిది మా అక్కకు. నాలుగడుగులేస్తే కూలబడుతున్నది. నా రక్తమే తింటున్నదట ఆమెను. జర మందియ్యున్రి సార్, మీ కాల్మొక్త."

డాక్టర్ విసుక్కోలేదు. కుర్చీ ముందుకు లాక్కుని శ్రద్ధగా కలం తీశాడు. "అంటే అడ్రస్ సరిగ్గా లేదని మీ కంప్లయింట్. ముందే చెప్పాల్సిందండీ. దానికి పద్ధతి ఉంది. ఇంత మంచి రక్తాన్ని పాడుపడ్డ చోట ఉంచం. వేరే మంచి అడ్రస్ చూసి మార్చేస్తాం."

"మారిస్తే... మా అక్క?"

"ఖాళీ అవుతుంది," అన్నాడు డాక్టర్. "రాయమంటారా?"

కొమురెల్లి ఆ కలం వైపు చూశాడు. తర్వాత తలుపు వైపు చూశాడు.

"వద్దు సార్. ఊకనే అన్న. మా అక్క మంచిగనే ఉన్నది."

"నేనూ అదే అనుకున్నా," అన్నాడు డాక్టర్, కలం మూత పెడుతూ. "పైకి పదండి, మీకు సన్మానం ఉంది."

సన్మానం నాలుగో అంతస్తులో. లిఫ్టులో పేషెంట్లకూ వాళ్లతో వచ్చినవాళ్లకూ చోటుంది. అడ్రస్ పేషెంటుతో వచ్చినట్టా, పేషెంటే అడ్రస్‌తో వచ్చినట్టా అన్నది తేలలేదు కనుక, తేలేదాకా అడ్రస్‌లు మెట్లెక్కాలి. నేనూ మెట్లమీదే వస్తానని కొమురెల్లి మొండికేశాడు.

"పేషెంటును మెట్లెక్కిస్తే నా నౌకరీ పోతదన్నా," అన్నాడు లిఫ్టు అబ్బాయి.

"నువ్వు పోరా," అంది సరోజన. "నేను మెల్లగొస్త. నీకు శాల్వా కప్పేటప్పటికి ఆడుంట."

శాలువా కప్పేటప్పటికి ఆమె రాలేదు. దండ వేశారు, రాలేదు. ఐదేళ్ల విజేత అని పేరు పిలిచి ఫొటో తీశారు. డాక్టర్ హరనాథ్ మైకు కొమురెల్లి నోటి ముందు పెట్టి, "అడ్రస్ ఎలా ఉందో అందరికీ చెప్పండి," అన్నాడు.

అప్పుడు హాలు చివర తలుపు తెరుచుకుంది. సరోజన ద్వారబంధం పట్టుకుని నిలబడింది. పెదవులు నీలంగా ఉన్నాయి, భుజాలు ఎగిసిపడుతున్నాయి, కొంగు జారినా సర్దుకునే శక్తి లేదు. హాల్లో అందరూ వెనక్కి తిరిగి ఆమెను చూశారు. కొమురెల్లి నోరు తెరిచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మాట రాక, చెయ్యెత్తి, చెప్పు చెప్పు అన్నట్టు వేళ్లు ఆడించింది.

"మస్తుగున్నది సార్," అన్నాడు కొమురెల్లి.

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. సరోజనకు చప్పట్లు కొట్టాలంటే ద్వారబంధం వదలాలి. వదిలితే పడిపోతుంది. అందుకని ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని, రెండో చేత్తో గోడను మెల్లగా తట్టింది.