రాక్షసుడి గర్జన ఎవరి సొత్తు?

“ప్రపంచంలో నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్లు, నాకు దొరకబోయేవాళ్లు!” అని గుమ్మంలోనే ప్రకటించాడు డిటెక్టివ్ పిచ్చి ఉన్న మా బావ. ఇప్పటిదాకా మొదటి రకంలో ఒక్కడూ లేడన్న సంగతి నేను గుర్తుచేయలేదు. ఎంతైనా అక్క మొగుడు.

అక్క ఉద్యోగం మానేసి, ఒక గది అద్దెకు తీసుకుని, వీడియో గేమ్ తయారుచేస్తోంది. ప్రోగ్రామ్ ఆమెది, బొమ్మలు మాతో పనిచేసే బొమ్మలమ్మాయివి, శబ్దాలు నావి. ఆ సాయంత్రంలోగా గేమ్‌ని ఆన్‌లైన్ స్టోర్‌కి పంపాలి. పంపాలంటే అందులోని ప్రతి బొమ్మకీ, ప్రతి శబ్దానికీ హక్కుదారు ఎవరో, వాడుకోవడానికి వాళ్లు ఒప్పుకున్నారో లేదో చెప్పాలి. అన్నీ తేలాయి. రాక్షసుడి గర్జన ఒక్కటే తేలలేదు.

మా ముగ్గురికీ ఒక దిక్కుమాలిన అలవాటుంది. పని ఆగకూడదని, చేతికందిన శబ్దాన్ని “ప్రస్తుతానికి ఇది” అని పెట్టేస్తాం. తర్వాత మార్చడం మరిచిపోతాం. ఈ గర్జన అలా వచ్చిందే. ఎవరు పెట్టారో, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ గుర్తులేదు. ఆడి చూసినవాళ్లంతా దానికే హడలిపోయారు. కొత్తది చేద్దామని నేను గర్జిస్తే, రాక్షసుడు తలనొప్పి మాత్ర అడుగుతున్నట్టుంది.

“అది లేకపోతే గేమే లేదురా. ఎవరిదో పెట్టి పంపితే రేపు వాళ్లొచ్చి మన మీద కేసేస్తారు” అంది అక్క. కొంగుతో కళ్లొత్తుకుంది.

“ఏడవకు. ఇది అంతర్జాతీయ గర్జనల ముఠా పని!” అన్నాడు బావ, జేబులోంచి భూతద్దం తీసి.

“బావా, కాస్త మెల్లగా...”

“నువ్వాగు. ఏమ్మా బొమ్మలమ్మాయ్, ఈమధ్య పులినేమైనా కలిశావా?”

“లేదు సార్.”

“సింహాన్ని?”

“పిల్లిని కలిశాను సార్. మెట్ల మీద.”

“ఆహా! అదే కుటుంబం!”

తర్వాత సాక్ష్యాల కోసం నా బల్ల కిందికి దూరాడు. అక్కడ వైర్లూ, మేం ఈ గదిలోకి వచ్చినప్పటి నుంచీ పేరుకున్న దుమ్మూ తప్ప ఏమీ లేవు. కాసేపటికి నెత్తిన బూజుతో బయటికొచ్చి, వేలు పైకెత్తాడు.

“వినండి! ఆ నేరస్థుడు ఎక్కడో లేడు. ఈ గదిలోనే... ఈ గదిలోనే... ఆ... ఆ...”

తుమ్మాడు.

కిటికీ అద్దాలు అదిరాయి. బొమ్మలమ్మాయి కుర్చీ ఎక్కేసింది. ముందు గుర్రుమనడం, తర్వాత పిడుగు, చివర్లో సన్నటి మూలుగు. అచ్చం మా రాక్షసుడే!

బావ రోజూ మధ్యాహ్నం అక్కకి భోజనం తెస్తాడు. నా మైకు ఆపడం నేనెప్పుడూ మరిచిపోతూనే ఉంటాను. ఇప్పటి తుమ్మునీ గేమ్‌లోని గర్జననీ పక్కపక్కన వినిపించాను. అనుమానమే లేదు.

“చెప్పానా, ఈ గదిలోనే ఉన్నాడని!” అన్నాడు బావ, ముక్కు తుడుచుకుంటూ.

అక్క నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అనుమతి పత్రం తెచ్చి మొగుడి ముందు పెట్టింది. బావ కలం పట్టి ఆగాడు.

“ఈ రాక్షసుడు చివర్లో ఏమవుతాడు?”

“హీరో కత్తితో పొడిచేస్తాడండీ.”

“నా గొంతున్నవాణ్ణి చంపుతానంటే నేనొప్పుకోను.”

“ఏమండీ, టైము లేదండీ!”

“హక్కుదారుణ్ణి నేను!”

అక్క పళ్లు నూరుతూ కీబోర్డు ముందుకు లాక్కుంది. గడువు ముగిసేలోపు ఎలాగో పంపేశాం. ఇప్పుడు మా గేమ్ చివర్లో హీరో కత్తి ఎత్తుతాడు, రాక్షసుడు గర్జిస్తాడు. హీరో కత్తి దించి, “చిరంజీవ!” అని దీవించి ఇంటికెళ్లిపోతాడు.