ఏ పార్టీదీ కాని రంగు

చిత్రకారుడు శోభనాద్రి గారు ఇకపై పడవలు, చేపలు, మనుషులు వెయ్యబోరనీ, రంగునే వేస్తారనీ బందరు ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. రంగుకు ఆకారమే అడ్డమని ముప్పయ్యేళ్లు బొమ్మలు వేశాక ఆయనకు తెలిసొచ్చింది. ప్రదర్శనకు మూడే పటాలు: పాలకాయతిప్ప సముద్రపు నీలం, దివిసీమ వరిచేల ఆకుపచ్చ, హంసలదీవిలో వాళ్లమ్మ సుబ్బరత్నమ్మ గడపకు రాసే పసుపు. ఆ మూడోది చూడ్డానికి ఆవిడ బస్సెక్కి వస్తానంది. ఆయనకు ఇంకే ప్రేక్షకులూ అక్కర్లేదు.

కళాపోషక సంఘం అధ్యక్షులు రామబ్రహ్మం గారు ముందురోజే వచ్చి, పసుపు పటం ముందు చాలాసేపు నిలబడ్డారు.

"అద్భుతమండీ. ఇంతకీ ఏ పార్టీ?"

"మా అమ్మ గడపండీ."

"గడపేననుకోండి. రేపు అవతలవాళ్లు కూడా వస్తారు కదండీ!"

సంఘం నిష్పక్షపాతంగా పసుపును దించింది. అలాగైతే నీలం గెలిచినట్టుంటుందని నీలాన్నీ దించింది. ఆకుపచ్చ ఎవరితో పొత్తులో ఉందో తేలక దాన్నీ దించింది. కాషాయం, ఎరుపు ఆయన వెయ్యనే లేదు. ముందుజాగ్రత్తగా వాటినీ నిషేధించింది. నలుపు నిరసనట, తెలుపు సంతాపసభట. చివరికి శోభనాద్రి గారు కుంచెలు తుడుచుకునే గుడ్డ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అందులో అన్ని రంగులూ ఉన్నాయి, ఏదీ కనిపించదు. దానికి ఫ్రేము కట్టించారు.

"ఇదే రంగులకు అతీతమైన కళ!" అని రామబ్రహ్మం గారు నలభై నిమిషాలు ప్రసంగించారు. అన్ని పక్షాలూ చప్పట్లు కొట్టాయి.

అప్పుడొచ్చింది సుబ్బరత్నమ్మ. గుడ్డను చూసి, "మన గడపేదిరా?" అంది.

పటం బల్లకింద గోడవైపు తిప్పి ఉంది. ఆవిడే వంగి బయటికి లాగి, అంచు తడిమి, "కాస్త పల్చగా రాశావు గానీ మనదేరా" అంది. శోభనాద్రి గారికి అందరిముందూ ఏడుపొచ్చింది. ముప్పయ్యేళ్లలో ఆయన పటం చూడగానే పోల్చుకున్న మనిషి ఆవిడొక్కతే.

ఎవరో ఫోటో తీశారు. సాయంత్రానికల్లా హంసలదీవి సుబ్బరత్నమ్మ పార్టీ మారిందని వాట్సాప్ గ్రూపులన్నీ ధ్రువీకరించాయి. ఇప్పుడావిడ గడపకు పసుపు రాసేముందు వీధిలోకి అటూ ఇటూ చూస్తోందట.

ఈ కథలో నేను ఏ పార్టీ పేరూ రాయలేదు. మీరు మాత్రం అన్నీ చదివేశారు. నేను ఎటువైపు మనిషినో కూడా ఈపాటికి తేల్చేసే ఉంటారు.