మూడు ఏసీల మహజరు

వడగళ్ళ వాన వెలిసిన అరగంటకే ప్రభుత్వ యంత్రాంగం మేలుకుంది. మీరు నమ్మరు గానీ, నిజంగానే మేలుకుంది. తాలూకా కచేరి గోడ బయట బిగించిన మూడు ఏసీ యూనిట్లకు దెబ్బ తగిలిందేమో అత్యవసరంగా చూడాలని అధికారి సుధీంద్రగారు ఉత్తర్వు జారీ చేశారు. ఆండర్సన్‌పేట నుంచి మెకానిక్ మునిశంకర్‌ను పిలిపించారు.

మునిశంకర్ మనసు టేకల్‌లో ఉంది. అక్కడ వాళ్ళమ్మ సొన్నమ్మ మామిడితోటలో కాయ సగానికి పైగా నేలపాలైంది. పంట నష్టం రాయవలసిందీ సుధీంద్రగారే. ఆయన కళ్ళారా చూసి, చూసింది చూసినట్టు మహజరు రాసేదాకా రాలిన కాయ ఒక్కటీ కదపరాదని నియమం.

"సార్, మా అమ్మ తోట ఒకతూరి చూసి పోండి సార్. కాయంతా కింద పడుండాది."

"ముందు ప్రభుత్వ ఆస్తి, ఆమీద మీ తోట," అన్నారు సుధీంద్రగారు.

మొదటి రోజు యూనిట్లకు ఫోటోలు తీశారు. రెండో రోజు సొట్టలు కొలిచారు. వాటిలో ఒకటి పాతదనీ, క్రికెట్ బంతి తగిలి పడిందనీ తేలడంతో ఉపసంఘం వేశారు. ఐదో రోజు, వంగిన రేకులను మునిశంకర్ దువ్వెనలాంటి సన్నటి పనిముట్టుతో నిలబెడుతుంటే సుధీంద్రగారు ప్రసంగించారు: "ఈ యంత్రాలు ఎండనక వాననక బయట నిలబడి మనకోసం కష్టపడుతున్నాయి. వాటి బాధ మనకు పట్టకపోతే ఇంకెవరికి పడుతుంది?" వరండాలో అర్జీలు పట్టుకు నిలబడ్డ రైతులు కూడా చప్పట్లు కొట్టారు.

టేకల్‌లో కాయ కుళ్ళి ఈగలు ముసిరాయి. "కంపు తాళలేకుండా ఉండాము, పూడ్చేస్తానప్పా," అని సొన్నమ్మ ఫోన్ చేసింది.

"ఇంగ రెండు దినాలు తాళమ్మా, సార్ వస్తాడు."

ఎనిమిదో రోజు ఆమె గుంత తీసి పూడ్చేసింది. తొమ్మిదో రోజు సార్ వచ్చారు. తోటంతా తిరిగి మహజరు రాశారు: "నేలపై కాయ కనబడలేదు. చెట్లపై కాయ కనబడింది. కావున నష్టం లేదు."

సొన్నమ్మ గుంత చూపించింది.

"సాక్ష్యం పూడ్చడం నేరమమ్మా. ఆడమనిషివని వదిలిపెడతా ఉన్నాను."

"ఎనిమిది దినాలు కాపలా కాసినాను కదప్పా!" అని ఆమె ఏడ్చింది.

అడిగేద్దామని మునిశంకర్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే సుధీంద్రగారు కొమ్మలకేసి చూసి, కాయ ఊరగాయకు భేషుగ్గా ఉందనీ, కచేరి ఏసీల పని ఈ ఏడాది ఎవరికివ్వాలో రేపు తేలుస్తామనీ ఒకే ఊపిరిలో సెలవిచ్చారు.

మునిశంకర్ నోరు మూసుకుని చెట్టెక్కాడు. సొన్నమ్మ కింద బుట్ట పట్టుకుంది. బుట్టను కారు డిక్కీలో పెట్టి ఇద్దరూ దండం పెట్టారు. వాళ్ళను చూస్తే మీకు ఒళ్ళు మండుతోందా? మండనివ్వండి. మీరు ఎవరి డిక్కీలో ఏమేం పెట్టారో నేనడగడం లేదు.