వంతెన మీది ముసలాయన

ఆ రోజు పొద్దున ఫెబా వేసుకున్న పథకం చాలా చిన్నది. కళ్లంలో ఎండుతున్న మిరపకాయలను ఒకసారి తిరగేసి, పట్టా పందిరి కింద మంచం వాల్చుకుని, ఎండ ముదిరేలోగా వంతెన మీది ముసలాయన్ని దాటాలి. అంతే.

ముసలాయన నిజం మనిషి కాదు. చీరాలలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఫిలిప్ బాబాయి పోయిన క్రిస్మస్‌కి ఇచ్చిన పాత జపాన్ ఆటపెట్టెలో, అరచేతిలో సగమైనా లేని తెర మీద, బియ్యపు గింజంత బొమ్మ. పాత సామాన్ల మూటలో దొరికిన ఆ పెట్టెను బాబాయి బాగైతే చేశాడు గాని కొనే నాథుడు దొరకలేదు. "మాటలన్నీ జపాన్‌వేనమ్మా. బొమ్మ కదిలిద్ది, పాట వచ్చిద్ది. అంతవరకే నా గ్యారంటీ. మిగతాది నీ ఓపిక" అని చెప్పి ఫెబా చేతిలో పెట్టాడు.

ఓపిక ఫెబా దగ్గర కావలసినంత ఉంది. డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం వచ్చేలోగా నాన్న ఏసోబు కౌలు చేనుకు కావలి కాస్తున్న పిల్ల. ఇద్దరు మాట్లాడుకుంటుంటే పక్కన తలూపే మూడో మనిషి ఆమె. ఎవరు ఏమడిగినా ముందు తలూపడం, ఆ తర్వాత ఏమడిగారో ఆలోచించుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు.

మొదటిరోజు పెట్టె తెరవగానే హార్మోనియం లాంటి సంగీతం వచ్చింది. తర్వాత ఎక్కాల పుస్తకంలాగా గళ్లు గళ్లుగా అక్షరాలు వచ్చాయి. వీరుడికి పేరు పెట్టమంటున్నారని అర్థమైంది. ఒకటి చుట్టిపెట్టిన తాడులా ఉంది, ఒకటి వాడరేవులో చేపలు పట్టే గాలంలా ఉంది, ఇంకొకటి అచ్చం పాక కప్పు. ఆ మూడూ నొక్కింది. అలా ఆమె వీరుడికి తనకే పలకడం రాని పేరు స్థిరపడింది. తాను మాత్రం వాడిని "అబ్బాయి" అనే పిలుచుకుంది.

అబ్బాయిని వాళ్లమ్మ నిద్రలేపింది. ఏదో అడిగింది. తెర మీద రెండు చిన్న గీతల మాటలు వచ్చాయి, పైది ఒకటి, కిందది ఒకటి. ఫెబా కిందది నొక్కింది. అమ్మ మళ్లీ అదే అడిగింది. మళ్లీ కిందదే నొక్కితే మళ్లీ అదే అడిగింది. విసుగొచ్చి పైది నొక్కితే తలుపు తెరుచుకుంది. అమ్మను కాదంటే కథ ముందుకు కదలదని ఫెబాకు అక్కడే బోధపడింది. ఇక ఆ రోజు నుంచి ఎవరు ఏమడిగినా పై మాటే నొక్కింది.

ఆ ఊళ్లో మనుషులు ఏం మాట్లాడుతున్నారో ఒక్క ముక్క తెలియదు. అయినా ఒక్కొక్కరినీ మూడేసి సార్లు పలకరించింది. మందు అనుకుని కొన్నది టోపీ అయింది. టోపీ అనుకుని కొన్నది తింటే అయిపోయింది. పడుకునే సత్రం ఏదో, కత్తులమ్మే కొట్టేదో, విషం ఎక్కితే పేరు పక్కన వచ్చే గుర్తేదో, ఒకటొకటే చూసి చూసి పట్టుకుంది. అంకెలు మాత్రం ఎక్కడైనా అంకెలే కాబట్టి, దారిలో నానిన సగ్గుబియ్యంలాంటి పురుగులను కొట్టినప్పుడల్లా అబ్బాయి పేరు పక్కన అంకె పెరగడం తెలుస్తూనే ఉంది. తానెరగని దేశంలో, ఒక్క అక్షరం రాకుండా, దారి అడగకుండా ఇంతదూరం నడిచానని ఫెబాకు లోలోపల గొప్పగానే ఉంది. పైకి ఎవరితోనూ అనలేదు.

చిక్కల్లా వంతెన దగ్గరే. కొండలు దాటి, అడవి దాటి అక్కడికి చేరితే తెల్లగడ్డం ముసలాయన ఒకడు అడ్డంగా నిలబడి ఏదో అడుగుతాడు. ఫెబా పైది నొక్కుతుంది. తెర నల్లబడుతుంది. మళ్లీ చూస్తే అబ్బాయి తన మంచం మీద ఉంటాడు, అమ్మ నిద్రలేపుతూ ఉంటుంది. మళ్లీ కొండలు, మళ్లీ అడవి, మళ్లీ పురుగులు. పండగ వెళ్లినప్పటి నుంచి ఇదే వరస. ఈ మధ్య ఆ అంకె కూడా తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. పెట్టె పాడైందేమోనని ఆమె దిగులు.

ఆ పొద్దున కూడా ముసలాయన ఇంటికి పంపేశాడు. తలెత్తేసరికి క్యారేజీ పట్టుకుని అమ్మ సంతోషకుమారి నిలబడి ఉంది.

"ఏం చదువుతున్నావే అంత ఇదిగా?"

"ఏం లేదమ్మా."

"ఆ అక్షరాలేంటి, పురుగుల్లాగా?"

"జపాన్ వాళ్లవి."

"అవి నీకు తెలుస్తయ్యా?"

సత్రం గుర్తు తెలుసు. విషం గుర్తు తెలుసు. అబద్ధం కాదుగదా అనుకుని ఫెబా తలూపింది.

అక్కడ మొదలైంది. ఆ వారం స్త్రీల కూడికలో సాక్ష్యాలు చెప్పే వేళ, సంతోషకుమారి చెంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడింది. ఆమె కూడికకు వస్తున్నన్నాళ్లూ ఇతరుల సాక్ష్యాలు వినడమే గాని తనకు చెప్పుకోవడానికి ఏదీ దొరకలేదు. ఎలీసమ్మకు కొడుకు రైల్వే ఉద్యోగం ఉంది. దాన్ని ఆవిడ ప్రతి కూడికలోనూ కొత్తగా చెబుతుంది. ఇప్పుడు సంతోషకుమారి వంతు వచ్చింది. "నా బిడ్డ ఫెబాకు ఏ మాస్టారూ లేకుండానే దేవుడు జపాన్ భాష నేర్పించాడు" అంది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. పాస్టరమ్మ కూడా ఏడ్చింది. "సముద్రాలు దాటి వెళ్లే బిడ్డ" అంటూ ప్రార్థన చేసింది.

"జపాన్ భాషతో మనూళ్లో ఏం చేసుకుంటదంట?" అని ఎలీసమ్మ పక్కావిడతో అంది. కానీ మర్నాడు తాలుకాయలు ఏరే పనికి యలమందగారి కొట్టుకు వెళ్లి, ఆ కబురు అక్కడ చేరవేసింది కూడా ఆవిడే.

యలమందగారు చుట్టుపక్కల ఊళ్ల మిరపకాయ కొనే వ్యాపారి. సాయంత్రానికల్లా ఆయన బుల్లెట్టు కళ్లం దగ్గర ఆగింది.

"అమ్మాయ్, నీకు జపాన్ వచ్చంటగా? శనివారం వాళ్ల మనిషి కాయ చూట్టానికి వస్తన్నాడు. మీ నాన్న కళ్లమే చూపిద్దాం. పక్కన నిలబడి రెండు ముక్కలు మాట్లాడితే చాలు. మాట్లాడతావా?"

ఫెబా నోరు తెరిచింది. యలమందగారి వెనక నిలబడ్డ అమ్మ ముఖం చూసింది. ఇంటి ముందుకు పెళ్లి ఊరేగింపు వచ్చి ఆగినంత వెలుగు ఉంది అందులో. ఫెబా తల దానంతటదే ఊగింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర ధైర్యం తెచ్చుకుంది. "అమ్మా, నాకు అంత రాదే."

"అంత అక్కర్లేదులేవే. కాయ బాగుందని చెప్పు, చాలు."

నాన్న మజ్జిగన్నం కలుపుకుంటూ తలెత్తకుండా అన్నాడు. "మీ అమ్మ దేవుడి ముందర చెప్పేసింది. తప్పయితే దేవుడు సర్దుకుంటాడు. ఎలీసమ్మ సర్దుకోదు."

నిజమే. ఇది బయటపడితే అమ్మ మళ్లీ కూడికలో తలెత్తలేదు. ఫెబా ఫోను ముందేసుకుని జపాన్ నమస్కారం ఒకటి వల్లెవేసింది. తర్వాత తెలిసింది, అది పొద్దుటిపూట నమస్కారం. ఆయన వచ్చింది మధ్యాహ్నం.

శనివారం కళ్లం చుట్టూ ఊరు ఊరంతా చేరింది. ప్లాస్టిక్ కుర్చీలు, కొబ్బరిబోండాలు, ఇస్త్రీ చీరల్లో కూడిక స్త్రీలు, ముందు వరసలో ఎలీసమ్మ. కారు దిగినాయన పేరు మోరి. యాభైకి దగ్గరపడ్డ, సన్నటి, మర్యాదస్తుడిలాంటి మనిషి. ఫెబా పొద్దుటి నమస్కారం చెప్పింది. ఆయన సూర్యుడి వంక ఒకసారి చూసి, తానూ అదే నమస్కారం చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆయన కాయలు ఆరబోసిన పట్టా అంచున ఆగి, ఏదో అడిగాడు. ఫెబా తలూపింది. ఆయన వంగి బూట్లు విప్పేశాడు. అది చూసి యలమందగారు కూడా చెప్పులు విప్పారు. ఆయన్ని చూసి గుమాస్తా, గుమాస్తాను చూసి ఏసోబు. మాడే నేల మీద పెద్దమనుషులందరూ కాలు మార్చి కాలు వేస్తూ మిరపకాయల చుట్టూ తిరిగారు.

"బూట్లెందుకు ఇప్పాడమ్మా?" అన్నారు యలమందగారు పళ్లబిగువున.

"పంటంటే గౌరవమండి వాళ్లకి" అంది సంతోషకుమారి, కూతురికి అవకాశమివ్వకుండా.

మోరిగారు రాశిలోంచి నిగనిగలాడే కాయ ఒకటి ఎత్తి, ఎండకు పెట్టి చూసి, మళ్లీ ఏదో అడిగారు. ఫెబా మళ్లీ తలూపింది. ఆయన ఆ కాయను సగానికి కొరికి నమిలారు.

ఆయన ముఖం ముందు తెల్లగా, తర్వాత రాశి రంగులోకి వచ్చింది. కళ్ల వెంట నీళ్లు, ముక్కు వెంట నీళ్లు, వెక్కిళ్లు. "మజ్జిగ, మజ్జిగ" అని ఒకరు, "పంచదార" అని ఒకరు ఊళ్లోకి పరుగు తీశారు. ఏం జరుగుతుందో చూడాలని వచ్చినవాళ్లలో సగం మంది, పరిగెత్తేవాళ్ల వెనక పరిగెత్తారు. మిగతా సగం దూరంగా జరిగారు. ఫెబా, అమ్మా కలిసి ఆయన్ని పందిరి కింద మంచం మీద కూర్చోబెట్టారు. అమ్మ చెంగుతో విసరసాగింది.

ఆయన కళ్లు తుడుచుకోవడానికి తడుముకుని మంచం మీది తువ్వాలు లాగారు. దాని కింద ఆటపెట్టె ఉంది.

వెక్కిళ్లు ఆగాయి. ఆయన రెండు చేతులతో దాన్ని ఎత్తుకున్నారు, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు. మీట నొక్కితే హార్మోనియం మోగింది. జేబులోంచి ఫోను తీసి దానితో ఏదో గబగబా చెప్పారు. ఫోను రేడియో వార్తల గొంతుతో తెలుగు పలికింది. "ఇది నా బాల్యము నాటి క్రీడ. ఇది మీదా?"

ఫెబా ఫోను వంక, ఆయన వంక చూసింది. "మీ దగ్గర ఇదుందా? మరి ఇందాకటి నుంచి..."

"జపనీస్ తెలిసిన అమ్మాయి ఉన్నారని చెప్పారు. ఆమె ఎదుట యంత్రమును తీయుట మర్యాద కాదు" అంది ఫోను. "బూట్లు విప్పవలెనా అని అడిగితిని. అవునన్నారు. ఈ కాయ కారము తక్కువా అని అడిగితిని. అవునన్నారు."

అమ్మ విసరడం ఆపింది. ఫెబా తలవంచుకుంది. ఇక దాచేదేముంది? "నాకు మీ భాష రాదండి. ఈ ఆట ఒక్కటే తెలుసు. అదీ చూసి చూసి తెలిసిందే" అని మెల్లగా ఫోనుతో చెప్పింది.

ఫోను ఆ మాటను జపాన్‌లో అప్పజెప్పింది. మోరిగారు ఆమెను కాసేపు చూసి, తెరలోకి చూశారు. మూడక్షరాల పేరు పైకి చదివారు. "నోషిహె." ఫోను గంభీరంగా చెప్పింది. "ఈ పేరునకు అర్థము లేదు." తర్వాత పేరు పక్కన అంకె చూసి ఆయన మంచం మీంచి లేచి నిలబడిపోయారు.

"అది పాడైందండి. అక్కడే ఆగిపోయింది" అంది ఫెబా.

"పాడు కాలేదు. అంతకు పై అంకె లేదు" అంది ఫోను. "ఈ వంతెనకు వచ్చువారు పన్నెండుతో వస్తారు. తొంభై తొమ్మిదిని నేను పుస్తకములో బొమ్మగా మాత్రమే చూసితిని. ఎందుకు దాటలేదు?"

"ఆ ముసలాయన ఇంటికి పంపేస్తున్నాడండి."

ఆయన అబ్బాయిని వంతెన దాకా నడిపి, ముసలాయన మాటలు చదివి, మిరపకాయ కన్నీళ్లు ఆరని ముఖంతో నవ్వడం మొదలుపెట్టారు. ఫోను ఓపిగ్గా వివరించింది. "ఆ వృద్ధుడు మంచివాడు. 'అలసిపోయావా నాయనా, ఇంటికి పంపమంటావా?' అని అడుగుచున్నాడు."

పండగ వెళ్లినప్పటి నుంచి ముసలాయన దయగా అడుగుతూనే ఉన్నాడు. ఆమె అవునంటూనే ఉంది.

ఫెబా పెట్టె అందుకుంది. వేలు కింది మాట మీదికి దించి నొక్కింది. ముసలాయన పక్కకు తప్పుకున్నాడు. వంతెన అవతల తెర నిండా నీలంగా సముద్రం వచ్చింది. ఇంతవరకూ వినని సంగీతం మోగింది. మోరిగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. సంతోషకుమారి విసరడం మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి కూతురికి.

మజ్జిగ చెంబులతో, పంచదార డబ్బాలతో జనం తిరిగొచ్చేసరికి చూసింది ఇది: జపాన్ పెద్దమనిషి చేతులు ఒంటికి ఆనించి, నడుము వంచి, ఫెబాకు నమస్కారం పెడుతున్నాడు. పక్కన ఫోను తెలుగులో చాటుతోంది. "ఇంతటి ఓపిక నేను మా దేశములో చూడలేదు."

"ఏవంటన్నాడమ్మా?" అన్నారు యలమందగారు, చెప్పులు వెతుక్కుంటూ.

ఫెబా నిజం చెప్పబోయింది. అమ్మ ముందుకొచ్చింది. "వాళ్ల దేశంలో పన్నెండుకే సరిపెట్టుకుంటారంటండి. మా అమ్మాయికి తొంభై తొమ్మిదంట. ఆపైన అంకె లేదంట."

"దేంట్లో?"

"ఆయన్నే అడగండి. నేను విన్నది చెప్తున్నా."

ఎలీసమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంది. కొడుక్కి రైల్వే పరీక్షలో వచ్చిన మార్కులు అరవై దాటలేదని ఆవిడే ఒక కూడికలో చెప్పి ఉంది.

మోరిగారు మిగిలిన సగం కాయను రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, ఏసోబు కాయలో మోసం లేదని, అది తనకు నోటికే తెలిసిందని ఫోను చేత చెప్పించి, వెళ్లిపోయారు. ఏసోబు ఆ మాటకు చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. దారిలోకి కారు మలుపు తిరగగానే అమ్మ కూతురి చెవిలో అంది. "భాష రాకపోతే రాకపాయె. రాకుండానే అంతదూరం పోయావుగా. నేను సాక్ష్యం తక్కువే చెప్పా."

అప్పుడే యలమందగారు దగ్గరికొచ్చారు. ముఖం వెలిగిపోతోంది. "అమ్మాయ్, వచ్చే నెల కొరియా వాళ్లొస్తన్నారు. ఆ భాష కూడా చూసుకుంటావా?"

ఫెబా ఈసారి తొందరపడలేదు. ప్రశ్నంతా విన్నది. మనసులో వేలు కింది మాట మీదికి దించింది, నోరు కూడా తెరిచింది.

ఆలోపే అమ్మ పైది నొక్కేసింది.