బాడీ కార్పొరేట్ కేసు

"శామ్యూల్, ఈ సైబరాబాద్ మొత్తంలో నేరాన్ని వాసన పట్టే బుర్ర ఒక్కటే ఉంది. ప్రస్తుతం అది ఉప్మా తింటోంది," అన్నాడు ఆనందరావు.

లింగంపల్లిలో మేమిద్దరం ఒకే గదిలో కిరాయికి ఉంటాం. బుర్ర ఆయనది. బండి, పెట్రోలు, ఉప్మా నావి. డిటెక్టివ్‌గా ఆయన ఇంతవరకు పట్టుకున్నది జలుబు ఒక్కటే.

అంతలో ఇంటి ఓనరు భాగ్యమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"సారూ, మా కొడుకు దినేశ్‌గాని సంగతి జర సూడున్రి. సాఫ్ట్‌వేర్ నౌకరి ఎప్పుడో ఇడిసిపెట్టిండంట, ఆని దోస్తు చెప్పిండు. రోజూ ఆఫీసుకని పోతనే ఉన్నడు! నిన్న ఫోన్ల ఎవరితోనో అంటుండు... బాడీ కార్పొరేట్‌ను లిక్విడేట్ చెయ్యాలె, ముందుగాల నోటీసియ్యాలె అని!"

ఆనందరావు చెంచా కింద పెట్టాడు.

"లిక్విడ్ అంటే ద్రవం. శవాన్ని ద్రవంగా మార్చడం... యాసిడ్! పైగా నోటీసిచ్చి మరీ చంపుతున్నారంటే మామూలు ముఠా కాదండీ. పద్ధతి గల ముఠా!"

భాగ్యమ్మ అక్కడే కూలబడింది.

మర్నాడు పొద్దున బైక్ టాక్సీ మీద వెళ్తున్న దినేశ్ వెనకాలే, నా బండి మీద ముగ్గురం బయలుదేరాం. తానూ వస్తానని భాగ్యమ్మ పట్టుబట్టింది. గచ్చిబౌలిలో దినేశ్ ఒక పెద్ద బిల్డింగులోకి వెళ్లాడు. ఆమెను కింద నిలబెట్టి, మేం మూడో అంతస్తు దాకా వెంబడించాం. వాడు ఒక గదిలో దూరి తలుపేసుకున్నాడు. ఆనందరావు తలుపుకు చెవి ఆనించాడు.

"దీని లైఫ్ ఎంత?" లోపల ఒక గొంతు గద్దించింది.

"మూడేళ్లు సార్!" యాభైమంది ఒక్కసారిగా అరిచారు.

"తర్వాత?"

"స్క్రాప్ సార్!"

ఆనందరావు హడలిపోయి వెనక్కి ఎగిరాడు. మోచేయి తగిలి గోడ మీది ఎర్రపెట్టె అద్దం భళ్లుమంది. ఫైర్ అలారం కుయ్యోమంది. బిల్డింగు బిల్డింగంతా మెట్ల మీదుగా కిందికి పరుగెత్తింది. ఆ తోపులాటలో, ఇటుకంత పుస్తకం చంకలో పెట్టుకుని, దినేశ్ సరిగ్గా తల్లి ముందు తేలాడు.

"అమ్మా! నువ్వేంది, గిక్కడ?"

"ముందు బాడీ ఏడున్నదో చెప్పురా! ఫోన్ల లిక్విడేట్ చెయ్యాలంటివి గద!"

"బాడీ కార్పొరేట్ అంటే కంపెనీయే! లిక్విడేట్ అంటే దాన్ని మూసేసుడు. నేను సీఏ చదువుతున్ననే. లెక్కలంటేనే నాకు ఇష్టం, కోడింగ్ మనసుకు పడలే. కాలనీ అంతా సాఫ్ట్‌వేర్ కొడుకని చెప్పుకుంటివి... నీకు ఎట్ల చెప్పాలె?"

భాగ్యమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది. కొంగుతో వాడి నుదుటి చెమట తుడిచింది. తర్వాత వీపు మీద ఒక్కటి వేసింది.

"రాత్రంతా నువ్వు హంతకుడివని ఏడ్చిన. గా ఏడుపు ముందర ఈ సదువెంతరా! సార్, ఎన్నేండ్లు పడతది ఇది?"

"కొందరికి నాలుగేళ్లమ్మా," అన్నాడు దినేశ్ వెనకాలే దిగొచ్చిన లెక్చరరు. లోపల కంప్యూటర్ల లైఫ్ లెక్క అడిగిన గొంతు ఆయనదే.

"మిగతోళ్లకు?"

ఆయన ఆకాశం వైపు చూశాడు.

"పడనీ. సదువు బిడ్డా," అంది భాగ్యమ్మ.

ఇంతలో సెక్యూరిటీ పుల్లయ్య రొప్పుతూ వచ్చాడు. "మంటల్లేవ్, పొగ లేదు! అలారం ఎవడు కొట్టిండు?"

ఆనందరావు కాలరు సర్దుకుని గంభీరంగా ముందుకొచ్చాడు.

"నేనే! దినేశ్‌ను బయటికి రప్పించడానికి నేను పన్నిన పథకమండీ అది!"

పుల్లయ్య ఆ సర్దిన కాలరే పట్టుకున్నాడు.

ఆనందరావు చేపట్టిన కేసుల్లో నేరస్థుడు తనంతట తానే నేరం ఒప్పుకోవడం అదే మొదటిసారి.