కిటికీ మీద ప్రపంచపటం

ప్రతి ఇంట్లోనూ ఒకరు మానవహక్కులు చదివి తీరాలి! ఇంజనీర్లూ డాక్టర్లూ ఎందుకండీ? ఇంజనీరు ఇంట్లో కుళాయి కారుతూనే ఉంటుంది, డాక్టరు తల్లికి మోకాళ్ళు నొప్పిగానే ఉంటాయి. అదే అంతర్జాతీయ అభివృద్ధి, మానవహక్కుల్లో పీజీ చేసే పిల్ల ఉందనుకోండి, అది ఇల్లు కాదు, సదస్సు!

మా మనవరాలు ఆ చదువే చదువుతోంది. నా కూతురి కూతురు. నేనుండేది కూతురి దగ్గరే కనుక ఆ చదువు ఫలాలు అందరికన్నా ముందు నాకే అందాయి.

మొదటిది మర్యాద. ఇదివరకు ఎవరైనా వస్తే మా అల్లుడు "మా అత్తగారు" అని ఒక్క మాటతో సరిపెట్టేవాడు. ఇప్పుడు మనవరాలి లెక్కలో నేను తేలిగ్గా దెబ్బతినేవాళ్ళ వర్గాన్ని, అంటే వల్నరబుల్ గ్రూప్‌ని. ఒక్కదాన్నే ఒక గ్రూపు కావడం ఎంతమందికి దక్కుతుంది? మధ్యాహ్నం కునుకు తీస్తే అది నా విశ్రాంతి హక్కు. నా చేతిలోంచి మిఠాయి లాక్కుంటే అది నా ఆరోగ్య హక్కు. హక్కు నాది, మిఠాయి అల్లుడిది.

ఇక ప్రజాస్వామ్యం సంగతి. మనవరాలి థీసిస్ నిర్వాసితుల మీద. ఆనకట్టలకీ రోడ్లకీ దారివ్వడం కోసం ఉన్నచోటు వదిలిపోయినవాళ్ళన్నమాట. అంత పెద్ద విషయం రాయాలంటే గాలీ వెలుతురూ ఉన్న గది కావాలి కదా! మా ఇంట్లో అలాంటిది ఒక్కటే. వీధివైపు కిటికీ ఉన్న నా గది.

ఊరికే లాక్కున్నారనుకునేరు! సంప్రదింపుల సమావేశం పెట్టారు. మనవరాలు అందరికీ రంగు కాగితాలు పంచి, మనసులో మాట రాసి ఫ్రిజ్ తలుపుకి అతికించమంది. నాది ఖాళీగా ఉండిపోయింది. ఎందుకంటే నా కళ్ళజోడు మంచం సొరుగులో ఉంది. మంచం అప్పటికే హాల్లోకి వచ్చేసింది. సొరుగు గోడవైపు తిరిగిపోయింది.

"ఖాళీ అంటే అభ్యంతరం లేనట్టేగా అమ్మమ్మా," అని బుగ్గ గిల్లి ఫోటో తీసింది. ఆ ఫోటో క్లాసులో చూపిస్తే, భాగస్వామ్య పద్ధతికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదన్నారట ప్రొఫెసరు గారు.

నేను బడి ముఖం చూడలేదు. పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నదాన్ని. అది కాలేజీకి వెళ్ళాక దాని పుస్తకాలు తిరగేస్తుంటాను. తెలుగులో ఉన్న ఒకదాంట్లో రాశారు: మనుషుల్ని కదిలించే ముందు వాళ్ళని అడగాలట, వాళ్ళకి అర్థమయ్యేలా అడగాలట, వద్దనే వీలు కూడా ఉండాలట. ఎంత గొప్ప మాట! చదివి, పుస్తకాన్ని తీసినచోటే పెట్టేశాను. పుస్తకాన్ని అడగకుండా కదిలిస్తే మా పిల్లకి కోపం వస్తుంది.

హాల్లో మాత్రం నాకేం తక్కువ? కిటికీ అక్కడా ఉంది. తెరిస్తే పక్కింటి గోడ కనిపిస్తుంది. గోడ మనల్ని వదిలి ఎక్కడికీ వెళ్ళదు. ఈ వయసులో అంతకన్నా నమ్మకమైన తోడు ఎక్కడ దొరుకుతుంది?

అసలు నాకో జబ్బుండేది. ఇంట్లోంచి ఎవరు వెళ్తున్నా, వీధి మలుపు తిరిగేదాకా ఆ పాత కిటికీలోంచి చూడాలి. మలుపులో వాళ్ళు వెనక్కి చూస్తేనే నా గుండె కుదుటపడేది. మా ఆయన ఆసుపత్రికి వెళ్ళిన రోజు అక్కడే ఆటోలోంచి చెయ్యి బయటపెట్టి ఊపారు. ఆ తర్వాత జరిగినవన్నీ కలగాపులగం. ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఇలాంటి ఛాదస్తాలు అభివృద్ధికి అడ్డు కాదూ? గది మార్చి నా జబ్బు కుదిర్చారు.

పోయిన వారం మనవరాలు ఫీల్డ్‌వర్క్‌కి బయల్దేరింది. ఎక్కడో కొండలవతల, ఫోను సరిగ్గా అందని చోట, ఊళ్ళు నీట మునిగినవాళ్ళని పలకరించి రావాలి. కొన్ని నెలలు పడుతుందట. వెళ్ళేముందు తన ప్రశ్నలు నామీద ప్రాక్టీసు చేసింది.

"ఉన్నచోటు మారినప్పుడు మీరేం పోగొట్టుకున్నారు?" అంది, నన్నెప్పుడూ చూడనట్టు ముఖం పెట్టి.

"కిటికీ," అన్నాను.

నవ్వేసింది. "సరిగ్గా చెప్పు అమ్మమ్మా. భూమి, ఇల్లు, గొడ్లు, చెట్లు. కిటికీ ఇందులో లేదు."

"లేకపోతే ఏం చేస్తావే?"

"చివర్లో ఇతరాలని ఒకటుంటుందిలే. అందులో పడేస్తాం."

చూశారా, ఈ చదువులో ఎవరినీ వదిలిపెట్టరు!

ట్యాక్సీ వచ్చింది. మాత్రలు పెట్టుకున్నావా, చార్జరు పెట్టుకున్నావా, టార్చిలైటు ఏదీ అని అడిగిందే అడిగి దాన్ని విసిగించాను. అది మెట్లు దిగుతుంటే, కుదిరిందనుకున్న జబ్బు తిరగబెట్టి, పాత గదిలోకి పరిగెత్తినంత పని చేశాను.

అక్కడ కిటికీ కనపడలేదు. ల్యాప్‌టాప్ మీద ఎండ పడుతోందని, కిటికీ నిండా పెద్ద ప్రపంచపటం అతికించింది మా పిల్ల. ఏ దేశంలో ఎందరు నిలువనీడ పోగొట్టుకున్నారో చెప్పే ఎర్రచుక్కలు దాని నిండా. కదిపితే చుక్కలు ఊడిపోతాయని ముందే హెచ్చరించింది. నా ఒక్క చూపు కోసం అన్ని దేశాల జనాన్నీ మళ్ళీ చెదరగొట్టడం న్యాయమేనా? పటం మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. కింద ట్యాక్సీ తలుపు పడింది. బండి కదిలింది. మలుపు దగ్గర హారన్ వినబడింది.

కాసేపటికి ఫోను మోగింది.

"అమ్మమ్మా, మలుపులో వెనక్కి తిరిగి చూశాను. కిటికీలో లేవేం? ఎక్కడున్నావు?"

"ఇతరాల్లో ఉన్నానమ్మా," అన్నాను.