ఆరు రోజుల స్టేషన్ వైద్యం

గాయాలు త్వరగా మానాలంటే ఆసుపత్రికి పోకండి. పోలీస్ స్టేషనుకు పోండి!

నవ్వకండి, నేను కళ్ళారా చూశాను. మందు లేదు, కట్టు లేదు, సూది లేదు. వరండాలో ఒక బల్ల, పైన తిరగని ఫ్యాను, "సార్ బయటికి పోయిండు" అనే ఒక్క మాట. అంతే! నల్లగా కమిలిన చెంప ఆరు రోజుల్లో దాదాపు మామూలు రంగుకు వచ్చేసింది. ఇంత చవకైన వైద్యం ఇంకెక్కడ దొరుకుతుంది?

మాది మంచిర్యాలకు దగ్గరలో బొగ్గు గనుల ఊరు. స్టేషన్ పేరు చెప్పను. చెబితే పేషెంట్లు ఎగబడతారు. నేను గనిలో టైం ఆఫీసు క్లర్కుగా ముప్పై రెండేళ్ళు చేసి రిటైరయ్యాను. పింఛను కానీ, కరెంటు మీటరు కానీ, మా వాడకట్టులో ఎవరికి దరఖాస్తు కావాలన్నా నేనే రాసిపెడతాను. నా దరఖాస్తు చదివి కళ్ళు తుడుచుకున్న అధికారులున్నారు. పని చేసిపెట్టినవాళ్ళున్నారా అని మాత్రం అడగకండి.

మంగళవారం పొద్దున ఎదురింటి జమున వచ్చింది. బట్టలు కుడుతుంది, నన్ను కాకా అంటుంది. ఎడమ చెంప వంకాయ రంగులో ఉంది. ముందురోజు సాయంత్రం ఆమె భర్త నరేశ్ హెల్మెట్‌తో కొట్టాడు. మా వాడలో హెల్మెట్ కొన్న మొదటి మనిషి అతనే! రోడ్డు భద్రత అంటే అంత శ్రద్ధ.

"ఇది మొదటిసారి గాదు కాకా. ఈసారి కాయిదం మీదికెక్కాలె. దవాఖానకు పోతే ఠాణా చీటీ తెమ్మన్నరు. దెబ్బ కనవడుతుండంగనే రాపియ్యాలె. మానినంక ఎవలు నమ్ముతరు?"

"ఫికర్ చెయ్యకు బిడ్డా, నేనున్న" అన్నాను.

ఆ మాట విన్న క్షణంలోనే ఆమె పారిపోవాల్సింది.

మూడు పేజీలు రాశాను. దాంపత్యం గురించి ఒక పేరా, స్త్రీ సహనం గురించి ఇంకో పేరా. హెల్మెట్ రెండో పేజీ అడుగున గానీ రాలేదు. ఇక ముగింపు! మా వైపు మొగుడూ పెళ్ళాల తగాదా దరఖాస్తులన్నిటికీ ఒకటే ముగింపు. నేనూ గుండ్రటి అక్షరాల్లో అదే దించాను: "కావున తమరు దయతలచి, అతణ్ణి పిలిపించి, మందలించి, సర్దిచెప్పి పంపగలరని ప్రార్థన." కేసు పెట్టండి అని రాస్తే మోటుగా ఉండదూ?

హెడ్ కానిస్టేబుల్ హనుమండ్లు చదివి తల ఊపాడు. "మస్తు రాసినవ్ సారూ! రేపు రాండ్రి."

చికిత్స మొదలైంది.

బుధవారం ఎస్సై బందోబస్తుకు పోయాడు. చెంప వంకాయ నుంచి నీలానికి దిగింది. గురువారం కంప్యూటర్ ఆపరేటరు సెలవు. నీలం అంచుల్లో పచ్చదనం తేలింది. శుక్రవారం అందరూ ఉన్నారు కానీ, అందరూ ఉన్న రోజు పని ఎక్కువట! జమున రోజూ బల్ల మీద కూర్చుని చెంపకు ఫోనులో ఫొటో తీసుకునేది. నేను పక్కన కూర్చుని ఓపిక గొప్పతనం వివరించేవాణ్ణి.

దీనివల్ల ఊరికెంత లాభమో ఆలోచించారా? గేటు ముందు టీకొట్టు సక్కుబాయినే అడగండి. "మీరు గిట్లనే తిరుగుండ్రి సారూ, వచ్చే నెలకు రేకుల షెడ్డు ఏసుకుంట" అంది.

శనివారం నరేశ్‌ను పిలిపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బండి దిగి, ఆ హెల్మెట్ చేత్తో పట్టుకునే లోపలికి వచ్చాడు. సాక్ష్యం తనంతట తాను నడిచి వస్తే దానికి కుర్చీ వేసిన స్టేషన్ ఇదొక్కటే అయి ఉంటుంది. అతను దాన్ని పక్క కుర్చీలో పెట్టి మరీ కూర్చున్నాడు.

"ఏందిరా, ఆడివిల్లను కొడ్తవా? సిగ్గు శరం లేదా?" అని హనుమండ్లు గద్దించాడు.

"ఇగ కొట్ట సార్" అని నరేశ్ దండం పెట్టాడు.

అయిదు నిమిషాల్లో అయిపోయింది.

"మరి కేసు?" అన్నాను.

హనుమండ్లు నా దరఖాస్తు తీసి, మూడో పేజీ చివరి వాక్యం మీద వేలు పెట్టాడు. "కేసెక్కడుంది సారూ? పిలిపించుమన్నవ్, పిలిపించినం. మందలించుమన్నవ్, మందలించినం. సర్దిచెప్పి పంపుమన్నవ్. ఇగ పోండ్రి!"

నా జీవితంలో నేను రాసిన దరఖాస్తును అక్షరం పొల్లుపోకుండా అమలుచేసిన ఆఫీసు అదొక్కటే. సంతోషించాలో, గోడకు తల కొట్టుకోవాలో తెలియలేదు. గేటు బయట నరేశ్ హెల్మెట్ పెట్టుకుంటూ జమున వైపు చూశాడు. "ఇంటికి రా, జెప్త" అన్నాడు, మెల్లగా. ఆమె ఇంటికి పోలేదు. ఆ రాత్రికి మా ఇంట్లోనే ఉంది.

ఆదివారం స్టేషన్ బల్ల మీద జమున ఒక తెల్లకాగితం తీసింది. నేను అలవాటుకొద్దీ పెన్ను మూత తీశాను.

"నువ్వు జర ఊకో కాకా."

తానే రాసింది. "నా మొగడు నరేశ్ సోమవారం నన్ను హెల్మెట్‌తోని కొట్టిండు. ఇంతకుముందు గూడ కొట్టిండు. కేసు వెట్టుండ్రి. కాపీ ఇయ్యుండ్రి."

ఒక్క విశేషణం లేదు! నాకు సిగ్గేసింది. హనుమండ్లు కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మందలించడానికి అందులో ఏమీ దొరకలేదు.

"సర్వర్ డౌనుందమ్మా."

"కూసుంట సారూ. లేచేదాంక కూసుంట. అందాక గీ ఆరు ఫొటోలు మీ పెద్దసారుకు పంపుత" అని ఫోను తెరిచింది.

సర్వర్ లేచింది!

ఎఫ్.ఐ.ఆర్.లో ఒక గడి ఉంటుంది, ఫిర్యాదు ఆలస్యం కావడానికి కారణమేమిటని. హనుమండ్లు అక్కడికొచ్చి ఆగాడు. "సోమవారం దెబ్బలు, ఆదివారం ఫిర్యాదు. ఇన్ని దినాలు ఎందుకు లేటు చేసినవమ్మా?"

అడుగుతున్నది ఎవరో చూశారా?

జమున నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"మొదటి దినం మా కాకది. తెలుగు జర ఎక్కువైంది, రాసుకోండ్రి. తక్కిన అయిదు దినాలు ఎవలయి సారూ? ఆ పేరు గూడ రాయుండ్రి."

హనుమండ్లు కీబోర్డును తన వైపు లాక్కున్నాడు. తర్వాత టకటకా కొట్టాడు. ప్రింటు వచ్చింది. నేను వంగి ఆ గడి చదివాను: "కుటుంబ పెద్దల సలహా మేరకు ఆలస్యమైనది."

ఆరు రోజులూ నాకే రాసిచ్చాడు! ముప్పై రెండేళ్ళ సర్వీసులో దొరకని గుర్తింపు!

జమున కాపీ పట్టుకుని ఆటో ఎక్కింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ టార్చి వేసి, దగ్గరగా వంగి, చెంప ఎముక మీద గోరంత పసుపు మచ్చ ఉందని రాసింది.

గోరంతే! ఇంకొక్క రోజు బల్ల మీద కూర్చోబెట్టి ఉంటే పూర్తిగా నయమైపోయేది, నరేశ్‌కు.